గడువురహిత కార్యాలయం

గోడ మీది టీవీ ఎర్రబడగానే జాయింట్ డైరెక్టరు పరాంకుశం గారి ముఖం తెల్లబడింది.

జిల్లా పశుసంవర్ధక కార్యాలయంలో ఆ టీవీ పెట్టించింది ఆయనే. రాజధానిలో 'సమయపాలన' మీద వారం రోజులు శిక్షణ పొంది వచ్చిన తర్వాత ఆయనకు ఫైళ్ల మీద నమ్మకం పోయి, 'గడువరి' అనే కంప్యూటరు ప్రోగ్రాము మీద భక్తి కుదిరింది. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి మీటలుండవు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. చేయాల్సిన పనిని ఒక వరుసలో టైపు చేసి, పక్కన గడువు తేదీ వేయాలి. గడువు దగ్గరపడితే ఆ వరుస తనంతట తానే పైకి వచ్చి "ఇంకా ఐదు రోజులే" అంటుంది. గడువు దాటితే ఎర్రబడి "మూడు వారాలు ఆలస్యం" అని అందరి ఎదుటా చెప్పేస్తుంది.

మనుషులైతే ఇలాంటి మాట చెప్పడానికి మొహమాటపడతారు. గడువరికి ఆ సంస్కారం లేదు.

పైగా కొత్త ఉత్సాహంలో పరాంకుశం గారు ఒక ఉత్తర్వు కూడా వేశారు: 'ఇకపై తెర మీద కనిపించని ఏ పనికీ స్టోరు నుంచి మందులు గానీ సామగ్రి గానీ విడుదల చేయరాదు.' ఈ ఉత్తర్వును గుర్తుపెట్టుకోండి. ఆయన మరిచిపోయారు.

ఆ రోజు మధ్యాహ్నం కలెక్టరు గారి వీడియో సమీక్ష ఉంది. కెమెరా సరిగ్గా టీవీకి ఎదురుగా బిగించి ఉంది. తెరంతా ఎర్రటి వరుసలే.

"షమీమ్‌ను పిలవండి," అన్నారాయన.

షమీమ్ కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామరు. గడువరిలో ఏది ఎలా కనిపించాలో రాసిపెట్టే సెట్టింగుల ఫైలు ఆమె చేతిలో ఉంటుంది. ఆమె కాంట్రాక్టు పొడిగింపు పరాంకుశం గారి చేతిలో ఉంటుంది.

"ఎరుపు అనేది కార్యాలయంలో ప్రతికూల వాతావరణాన్ని నిర్మిస్తోందమ్మా."

"పనులు లేటయినాయి సార్. అందుకే ఎర్రగా చూపిస్తాంది."

"నేను మాట్లాడుతున్నది జాప్యం గురించి కాదు, వర్ణం గురించి."

"వర్ణం మార్చేది ఒక్క లైను పని సార్. ఏం పెట్టాల?"

ఆయన కిటికీలోంచి బయటికి చూసి ఆలోచించారు. "మనది పశువుల శాఖ. పచ్చిక రంగు పెట్టు."

సమీక్షలో కలెక్టరు గారు అన్ని శాఖల మీదా మండిపడ్డారు. ఈ కార్యాలయం వంతు రాగానే ఆగారు. "జిల్లాలో ఇంత పచ్చగా ఉన్న ఆఫీసు మీదొక్కటేనండీ. కీప్ ఇట్ అప్," అన్నారు.

నష్టం అక్కడే మొదలైంది. కలెక్టరు గారు మెచ్చుకోకుండా ఉంటే పరాంకుశం గారు రంగుతో ఆగిపోయేవారు.

*

మర్నాడు గంగులమ్మ వచ్చింది.

గంగులమ్మది కొండకిందపల్లి. కురుబ మనిషి. ఎండకు నల్లబడ్డ ముఖం, చేతిలో కర్ర, భుజాన మడిచిన నల్ల కంబళి. ఆమెకూ, ఆమె అన్నదమ్ముల కుటుంబాలకూ కలిపి ఎనిమిది వందల గొర్రెలు. ఆమె నేరుగా పశువైద్యురాలు చరిత గదిలోకి వెళ్లి, కుర్చీ చూపించినా నేల మీదే కూర్చుంది.

"ఏం డాకటరమ్మా, చిటుకు రోగానికి సూదులు ఎప్పుడేస్తారు?"

"వేస్తామవ్వా. మందు వచ్చింది. ఫ్రిజ్‌లో ఉంది."

"ఫ్రిజ్‌కేం రోగం రాదు గదమ్మా. జీవాలకు వస్తాది."

చరిత నవ్వింది గానీ ఆమెకూ ఆదుర్దాగానే ఉంది. తొలి వానలు పడి లేత పచ్చిక లేస్తుంది. ఎండాకాలమంతా ఎండుగడ్డి నమిలిన గొర్రెలు దాని మీద పడి ఆబగా మేస్తాయి. అప్పుడే వస్తుంది చిటుకు రోగం. సాయంత్రం గెంతులేసిన గొర్రె తెల్లారేసరికి కాళ్లు చాపి పడి ఉంటుంది. వచ్చాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ముందే టీకా వేయాలి. అది ఒంటికి పట్టడానికి రెండు వారాలైనా పడుతుంది. అంటే మే నెల దాటకూడదు.

"పోయినేడు మీ వాళ్లు వచ్చేలోపల వాన వచ్చిండ్య," అంది గంగులమ్మ. "సగం మందను గుంత తీసి పూడ్చినాం. నా మనవరాలు ఇంటర్ మానేసి పత్తి చేలకు కూలికి పోయింది. ఈసారి గూడా పోతే మిగిలిన సగం గూడా పోతాది. ఇంక నేనూ కూలికే."

"ఈసారి అట్లా కానివ్వను," అంది చరిత. ఆమె ఎదురుగానే గడువరిలో టైపు చేసింది: కొండకిందపల్లి గొర్రెలకు చిటుకు టీకా. గడువు: మే నెలాఖరు.

వరుస పచ్చగా మెరిసింది.

*

స్టోర్‌కీపరు నాగభూషణం ఉద్యోగుల సంఘానికి కార్యదర్శి కూడా. వారం తిరక్కుండానే ఆయన ఒక వినతిపత్రంతో లోపలికి వచ్చాడు.

"రంగు మార్చినారు, సంతోషం సార్. గానీ ఆ వరుసలు రెండు వారాల ముందు నుంచే కనపడతా ఉంటే మనిషి ఎట్ల బతకాల? పొద్దున టీ తాగుతా తలెత్తితే 'ఇంకా పది రోజులే'. మధ్యాన్నం అన్నం తిని తలెత్తితే అదే. నిన్న నాకు బీపీ చూపించుకుంటే డాక్టరు ఏమన్నాడో తెలుసా సార్? 'మీ ఆఫీసులో ఏమన్నా పని చేయిస్తున్నారా' అని అడిగినాడు."

పరాంకుశం గారు చలించిపోయారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది: 'ఉద్యోగుల మానసిక ఆరోగ్య పరిరక్షణ దృష్ట్యా, ముందస్తు హెచ్చరికల వ్యవధిని తక్షణమే సున్నాకు కుదించడమైనది.'

అంటే పని గడువు రోజునే తెర మీదికి వస్తుంది. అంతకుముందు దాని ఊసే ఉండదు.

ఉద్యోగులు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఒక సోమవారం పొద్దున తొమ్మిది పనులు ఒకేసారి 'ఈరోజే' అంటూ ప్రత్యక్షమయ్యాయి. పదకొండింటికల్లా సగం ఆఫీసు సెలవు చీటీలు రాసి వెళ్లిపోయింది. మిగిలిన సగం ఆ చీటీలను ఎవరు మంజూరు చేయాలనే చర్చలో పడింది.

"ఇది ఆకస్మిక దాడి," అన్నారు పరాంకుశం గారు, షమీమ్ వంక చూస్తూ. "ముందు కనిపించకూడదు. ఆ రోజు కూడా కనిపించకూడదు. అటువంటి సదుపాయం ఉందా?"

షమీమ్‌కు ఆ రోజు తలనొప్పిగా ఉంది. లేకపోతే ఆ మాట అనేది కాదు.

"ఒకటి ఉంది సార్. పని మొదలుపెట్టే తేదీ అని వేరేగా వేయొచ్చు. అది వేస్తే, ఆ తేదీ వచ్చేదాకా గడువు కనపడకుండా సెట్ చేయొచ్చు."

"మొదలుపెట్టే తేదీని గడువు తర్వాత వేస్తే?"

"అట్ల ఎవరేస్తారు సార్?" అంది షమీమ్ నవ్వుతూ.

ఆ ప్రశ్నకు జవాబు సాయంత్రం నోటీసు బోర్డు మీద ఉంది. 'పని ప్రారంభం కాకమునుపే దాని గడువు ముగింపును గురించి ప్రస్తావించుట విధానపరంగా అనుచితము. కావున అన్ని పనులకు ప్రారంభ తేదీని గడువు తేదీకి తర్వాత నిర్ణయించవలెను. సదరు ప్రారంభ తేదీలను ప్రతి సోమవారం సమీక్షించి ముందుకు జరుపవలెను.'

కార్యాలయ చరిత్రలో గడువు దాటకుండా అమలైన ఉత్తర్వు అదొక్కటే.

మర్నాడు పొద్దున పరాంకుశం గారు టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తెర నల్లగా, నున్నగా, ఒక్క అక్షరం లేకుండా ఉంది. ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశారా," అన్నారు వెనక నిలబడిన నాగభూషణంతో. "ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటిసారి, పెండింగ్ లేదు."

ఆయన ఫొటో తీయించి రాజధానికి పంపారు. జవాబు వెంటనే వచ్చింది. రాష్ట్రంలోనే మొట్టమొదటి 'గడువురహిత కార్యాలయం'గా ఈ కార్యాలయాన్ని ప్రకటించడానికి కమిషనరు గారు స్వయంగా వస్తున్నారు. వచ్చే శుక్రవారం. అప్పటికి మే మూడోవారం.

*

చరిత మందు కోసం స్టోరుకు వెళ్లింది.

నాగభూషణం కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, ఆమె ఇచ్చిన కాగితం చూసి, గోడ మీది టీవీ చూసి, మళ్లీ కాగితం చూశాడు.

"కొండకిందపల్లి... స్క్రీను మీద లేదే మేడమ్."

"స్క్రీను మీద ఏదీ లేదు కదండీ. దాచిపెట్టారు."

"అట్ల గాదు మేడమ్. ఉత్తర్వు ఏముంది? కనిపించని పనికి సామాను ఇవ్వరాదు. ఇచ్చినాననుకోండి, రేపు ఆడిట్‌లో 'లేని పనికి మందు ఎట్ల ఇచ్చినావు' అంటే ఏం చెప్పాల? మందు తక్కువొచ్చిందని నా పెన్షన్లో కోస్తారు."

"గొర్రెలు చస్తాయి నాగభూషణం గారూ."

"చస్తే స్క్రీను మీద వస్తాది గదా మేడమ్. అప్పుడు ఇస్తా."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. ఫ్రిజ్ గది తాళం ఆయన మొలతాడుకు కట్టి ఉంది.

చరిత నేరుగా పరాంకుశం గారి గదిలోకి వెళ్లింది. ఆయన అద్దం ముందు నిలబడి, అవార్డు అందుకునేటప్పుడు మెడ ఏ వైపు వంచాలో చూసుకుంటున్నారు.

"సార్, ఒక్క వరుసకు ఆ ప్రారంభ తేదీ తీసేయండి. ఒక్కటంటే ఒక్కటి. నైరుతి పవనాలు ఈసారి ముందే వస్తాయంటున్నారు. ఇప్పుడు టీకా వేయకపోతే పచ్చిక లేచేసరికి పట్టదు."

"డాక్టర్ చరితా, పవనాల రాకపోకలు మన శాఖ పరిధిలోనివి కావు."

"గొర్రెలు మన పరిధిలోనివే కదా సార్."

"నిస్సందేహంగా. అయితే ఒక్క గడువు కనిపించినా ఇది గడువురహిత కార్యాలయం ఎలా అవుతుంది? కమిషనరు గారు వచ్చి వెళ్లనివ్వండి."

"వెళ్లాక తీసేస్తారా?"

పరాంకుశం గారు జాలిగా చూశారు. "అవార్డు ఏడాది పాటు నిలబెట్టుకోవాలమ్మా. మార్గదర్శకాలు చదవలేదా?"

"పోనీ, ఆ పాత ఉత్తర్వు రద్దు చేయండి. స్టోరు నుంచి మందైనా ఇస్తారు."

"రద్దు చేయడం అనేది ఒక పని. పనికి గడువు ఉంటుంది." ఆయన మళ్లీ అద్దంలోకి చూశారు. "గడువుంటే ప్రారంభ తేదీ వేయాలి. నాకు అభ్యంతరం లేదు, వేసుకోండి. సెప్టెంబరులో ఖాళీ ఉంది."

*

బుధవారం సాయంత్రం ఆకాశం తూర్పున మసకబారింది. చరిత షమీమ్ పక్కన కూలబడింది.

"నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఆ సెట్టింగు మార్చేసెయ్."

"మారిస్తే తెర మీద నూట యాభై వరుసలు ఒక్కసారి దిగుతాయి మేడమ్. సారు గది అద్దాల్లోంచి పొద్దస్తమానం దాన్నే చూస్తా ఉంటాడు. నా కాంట్రాక్టు ఆ పూటకే సరి. మా నాయన మందులు నా జీతం మీదనే వస్తాయి." షమీమ్ గొంతు తగ్గించింది. "తప్పు నాదే మేడమ్. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

చరిత టీవీ వంక చూస్తోంది. నల్లటి తెర నడుమ ఒకే ఒక్క వరుస మెరుస్తోంది.

శుక్రవారం 11 గంటలు: కమిషనరు గారి చేతుల మీదుగా జె.డి. గారికి సన్మానం.

"అదెలా కనిపిస్తోంది?" అంది చరిత మెల్లగా.

"అది గడువు గాదు మేడమ్, కార్యక్రమం. కార్యక్రమాలు ఎప్పుడైనా కనపడతాయి. వాటిని దాచమని ఇంతవరకూ ఎవరూ అడగల్యా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. షమీమ్ కీబోర్డు తన వైపు లాక్కుంది.

కాసేపటికి మొదటి వరుస కింద రెండోది వెలిగింది.

శుక్రవారం 11.30: గొర్రెల కాపరుల తరఫున జె.డి. గారికి ఆత్మీయ సన్మానం. కావలసినవి: పూలదండ, కంబళి, చిటుకు టీకా మందు 800 మోతాదులు, సిరంజీలు, ఐసు పెట్టె.

అద్దాల తలుపు తెరుచుకుంది. పరాంకుశం గారు టీవీ దగ్గరికి వచ్చి చదవసాగారు. ఆయన పెదవులు 'ఆత్మీయ సన్మానం' దగ్గర ఆగాయి. అక్కడి నుంచి ముందుకు కదల్లేదు.

"ఇది ఎవరి ప్రతిపాదన?"

"కొండకిందపల్లి వాళ్లది సార్. మీ గురించి విన్నారు," అంది చరిత.

"ఎంతమంది వస్తారు?"

"ఎనిమిది వందలు సార్."

"ఎనిమిది వందలా!" అన్నారాయన. "అంతమందికి కుర్చీలు..."

"అక్కర్లేదు సార్. నిలబడే ఉంటారు."

"నిరాడంబరులు," అన్నారు పరాంకుశం గారు.

నాగభూషణం అప్పటికే తాళం తీస్తున్నాడు. "స్క్రీను మీద ఉంది మేడమ్. ఇంక నాకేం అభ్యంతరం? సంతకం పెట్టి తీసుకపోండి. ఐసు గూడా నేనే తెప్పిస్తా."

చరిత గంగులమ్మకు ఫోను చేసింది.

"సన్మానమా? ఆ సారుకా? యాలమ్మా?"

"సూదుల కోసం అవ్వా."

"అట్లయితే రెండు కంబళ్లు కప్పుతా," అంది గంగులమ్మ.

*

శుక్రవారం నాడు ఆఫీసులో ఒక్కరూ సెలవు పెట్టలేదు. గడువు రోజున కనిపించని ముఖాలన్నీ ఇస్త్రీ బట్టలతో వచ్చాయి. సన్మానమన్నాక ఫొటో ఉంటుంది, మిక్చరు ఉంటుంది, మైసూర్‌పాక్ ఉంటుంది.

సన్మానాల వరుసలు తప్ప మరేమీ లేని నల్లటి తెర ముందు కమిషనరు గారు చాలాసేపు నిలబడ్డారు. "అద్భుతం. శూన్యతే సమర్థతకు పరాకాష్ఠ," అన్నారు. వెంట వచ్చిన ముగ్గురు అధికారులు ఆ మాట రాసుకున్నారు.

అప్పుడు గేటు దగ్గర దుమ్ము లేచింది.

ముందు గంగులమ్మ, వెనక ఆమె అన్నదమ్ములు, వాళ్ల వెనక ఎనిమిది వందల గొర్రెలు ఆవరణలోకి దిగాయి. జీపుల చుట్టూ, పూలకుండీల చుట్టూ, షామియానా కిందా నిండిపోయాయి. నాలుగైదు గొర్రెలు మెట్లెక్కి రిసెప్షన్‌లోకి వెళ్లి క్రోటన్ మొక్కలను పరిశీలించాయి.

"ఇవేమిటి?" అన్నారు కమిషనరు.

పరాంకుశం గారు చరిత వంక చూశారు. చరిత కమిషనరు వంక చూసింది. "లబ్ధిదారులు సార్. స్వయంగా వచ్చి కృతజ్ఞతలు తెలుపుకుంటున్నారు."

కమిషనరు గారి ముఖం వికసించింది. "లబ్ధిదారుల ప్రత్యక్ష భాగస్వామ్యం! ఏ జిల్లాలోనూ ఇలా సాధ్యపడలేదు!"

గంగులమ్మ వేదికెక్కి పరాంకుశం గారికి కంబళి కప్పింది. నల్ల గొర్రెబొచ్చుతో బిగుతుగా నేసింది. మే నెల ఎండ నడినెత్తిన ఉంది. దాని మీద రెండోది కప్పింది.

"సార్, మొదటి టీకా మీ చేతుల మీదుగా," అంటూ చరిత కమిషనరు చేతికి సిరంజీ ఇచ్చింది. చర్మం పైకెత్తి ఎక్కడ పొడవాలో చూపించింది. కెమెరాలు క్లిక్కుమన్నాయి. కమిషనరు పొడిచాక వెంట వచ్చిన అధికారులు ఊరుకుంటారా? వాళ్లు పొడిచాక, పొద్దున్నుంచీ కెమెరా చుట్టూ తిరుగుతున్న పశువైద్యులూ సహాయకులూ పోటీపడ్డారు. సిరంజీ పట్టుకుని ఫొటో దిగడానికి మనిషి మీద మనిషి పడ్డారు. ఏడాదంతా బతిమాలినా కొండకిందపల్లికి కదలని చేతులు గంటలో సగం మందకు టీకాలు వేశాయి. టీకా వేసిన ప్రతి గొర్రె వీపు మీదా షమీమ్ రంగు చుక్క పెడుతోంది.

"డాక్టర్ చరితా," అన్నారు పరాంకుశం గారు నెమ్మదిగా. చెమట ఆయన గడ్డం నుంచి ధారగా కారుతోంది. "ఈ కంబళి కొంచెం..."

"కార్యక్రమం ఇంకా తెర మీదే ఉంది సార్. మధ్యలో తీస్తే కమిషనరు గారు ఏమనుకుంటారో."

ఆయన చిరునవ్వు నిలబెట్టుకుని కూర్చున్నారు. గంగులమ్మ ఒక్కో గొర్రెనూ చెవి పట్టుకుని, తొందరపడకుండా, తీసుకొస్తూనే ఉంది.

ఆఖరి చుక్క పడేసరికి పొద్దు వాలింది. జాయింట్ డైరెక్టరు గారిని ఇద్దరు పట్టుకుని కారెక్కించారు. ఆయన అప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. కండరాలు అలా బిగుసుకుపోయాయని చరిత తర్వాత అంది.

*

జూన్ మూడో వారంలో వాన పడింది. గుట్టలన్నీ పచ్చబడ్డాయి. గంగులమ్మ మంద రోజంతా మేసింది. తెల్లవారి ఆమె దొడ్డిలోకి వెళ్లి, నిలబడి చూసింది. అన్నీ నిలబడే ఉన్నాయి. ఆమె దొడ్డి గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆ వారమే మనవరాలిని మళ్లీ కాలేజీలో చేర్పించింది.

పక్క ఊరు బొమ్మలవంకలో సన్మానం జరగలేదు. అక్కడి గొర్రెలను నాలుగు ట్రాక్టర్లలో తీసుకెళ్లి పూడ్చారు. వాటికి సంబంధించిన వరుస తెర మీద ఎన్నడూ కనిపించలేదు గనుక, కార్యాలయం రికార్డు చెడలేదు.

కమిషనరు గారి కొత్త సర్క్యులరు అన్ని జిల్లాలకూ వచ్చింది. ఇకపై టీకాలన్నీ సన్మాన కార్యక్రమాలుగానే నిర్వహించాలి. వేదిక, దండ, కంబళి లబ్ధిదారులే ఏర్పాటు చేసుకోవాలి. పర్యవేక్షణకు రాష్ట్రస్థాయి ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారిని నియమించారు. ఆయన రోజుకో ఊళ్లో కంబళి కప్పించుకుంటున్నారు. ఒళ్లంతా పొక్కులు పేలాయని, అయినా సేవ మానడం లేదని పేపర్లో వచ్చింది.

ఒక పొద్దున బొమ్మలవంక వాళ్లు కొందరు గంగులమ్మ గడపలోకి వచ్చారు. ముఖాలు పీక్కుపోయి ఉన్నాయి.

"ఏం పెద్దమ్మా, నీ జీవాలు ఒక్కటీ పోలేదంట. మావి అంతో ఇంతో మిగిలినాయి. వాటికన్నా చెప్పు. ఏం మందు ఏయించినావు?"

గంగులమ్మ లోపలికి వెళ్లి కట్టగా చుట్టిన ఉన్ని నూలు తెచ్చి వాళ్ల ముందు పెట్టింది.

"మందు తర్వాత సంగతి నాయనా. కంబళి నేయండి," అంది. "ఎడల్పుగా నేయండి, ఆ సారు లావయినాడంట. మళ్ల వానలు రాకముందే అయిపోవాల."